ఒకే బల్ల దగ్గర ఫైటర్, విజార్డ్: క్లాసుల సమతూకం అసలు ఎక్కడ తప్పుతోంది?

కొండదారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా గేమ్ మాస్టర్‌గా, అంటే కథను నడిపే మనిషిగా, నలుగురు ఆటగాళ్లతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఐదవ ఎడిషన్‌ను 2014 నాటి నిబంధనల ప్రకారం ఆడిస్తున్నాను. బృందంలో క్లాసుకు, అంటే పాత్ర వృత్తికి, ఒకరు చొప్పున ఒక ఫైటర్ (యోధురాలు), ఒక విజార్డ్ (మాంత్రికుడు), ఒక క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి), ఒక రోగ్ (తాళాలు తీస్తూ చాటుగా పనిచేసేవాడు) ఉన్నారు. ఇప్పుడు అందరూ 7వ లెవెల్‌కు చేరారు. మొదటి నాలుగు లెవెళ్ల వరకు ఎవరి నోటా ఫిర్యాదు రాలేదు. ఆ తరువాత బల్ల దగ్గర ఏదో మారుతున్నట్లు అనిపిస్తూ వచ్చింది కానీ, గత సెషన్‌లో జరిగినదాన్ని చూశాకే నాకు అది స్పష్టంగా అర్థమైంది.

బృందం ఒక లోతైన లోయ అంచుకు చేరింది. వంతెన కూలిపోయి ఉంది, అవతలి ఒడ్డున శత్రువుల కోట కనబడుతోంది. ఫైటర్ పాత్రధారిణి తన పాత్ర నడుముకు తాడు కట్టుకుని కిందికి దిగి, అవతలి గోడ ఎక్కి, తాడును అక్కడి బండకు బిగిస్తుందని ఉత్సాహంగా వివరించడం మొదలుపెట్టి, ఇరవై ముఖాల పాచికను చేతిలోకి కూడా తీసుకుంది. ఆమె మాట పూర్తికాకముందే విజార్డ్ ఆటగాడు ఫ్లై మంత్రం వేస్తున్నానని చెప్పి, ఎగిరి వెళ్లి, తాడు కట్టేశాడు. ఆమె ఏమీ అనలేదు. పాచికను మళ్లీ తన కాగితం మీద, మిగిలిన పాచికల వరుసలో, అది మొదట ఉన్న చోటే పెట్టేసింది. అవతల కోట తలుపుకు తాళం ఉంది, రోగ్ తన పనిముట్లు తీసేలోపే నాక్ మంత్రంతో ఆ తలుపు తెరుచుకుంది. లోపల పదిమంది కాపలావాళ్లు ఎదురైతే హిప్నాటిక్ ప్యాటర్న్ మంత్రానికి ఏడుగురు కదలకుండా నిలబడిపోయారు. మిగిలిన ముగ్గురిని ఫైటర్ నరికింది, తరువాత నిలబడిపోయినవాళ్లను ఒక్కొక్కరినీ కట్టేశారు. ఆ రోజుకు అదే ఏకైక పోరాటం.

ఇక్కడ విజార్డ్ ఆటగాడి తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను. అతను చాలా మంచి ఆటగాడు, తన పాత్రకు ఉన్న శక్తులను తెలివిగా వాడుకున్నాడు, అంతే. ఆట అయిపోయాక ఫైటర్ పాత్రధారిణి నాతో ఒక్కమాట అంది: "పోరాటం మొదలైతే తప్ప నేను ఈ కథలో లేను, పోరాటం మొదలైనా నేను రెండో వరుసలోనే ఉన్నాను."

ఈ మాట రాకముందే నేను ఆమె పాత్రకు రెండు ప్లస్ ఉన్న మంత్రఖడ్గం ఇచ్చి చూశాను. ఆమె చేసే డ్యామేజ్ (దెబ్బతో శత్రువుకు కలిగే నష్టం) పెరిగింది గానీ ఆ అసంతృప్తి ఏమాత్రం తగ్గలేదు. కాబట్టి నా ప్రశ్న ఇది: సమతూకం అంటే డ్యామేజ్ లెక్క కాకపోతే మరేమిటి? విజార్డ్ మంత్రాలను కత్తిరించకుండా, అంటే ఒకరి సంతోషాన్ని తీసి మరొకరికి ఇవ్వకుండా, దీన్ని సరిచేయడానికి మీరు మీ బల్లల దగ్గర ఏం చేశారు?

ఇసుక గడియారం

కొండదారి గారికి, మీ వివరణలో నా దృష్టిని పట్టి ఆపిన వాక్యం చివరి నుంచి కొంచెం పైన ఉంది: "ఆ రోజుకు అదే ఏకైక పోరాటం." చిక్కుముడిలో పెద్ద భాగం అక్కడే ఉందని నా నమ్మకం.

2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ (గేమ్ మాస్టర్ల కోసం రాసిన నిబంధనల పుస్తకం) ఒక సాహస దినంలో బృందం 6 నుంచి 8 వరకు మధ్యస్థ లేదా కఠినమైన పోరాటాలను తట్టుకోగలదని, మధ్యలో సుమారు రెండు షార్ట్ రెస్ట్‌లు (చిన్న విశ్రాంతులు) అవసరమవుతాయని చెబుతుంది. ఐదవ ఎడిషన్‌లో క్లాసులన్నీ ఆ పొడవైన రోజును మనసులో ఉంచుకుని తూచినవే. ఫైటర్‌కు ఉన్న యాక్షన్ సర్జ్ (వంతులో ఒక అదనపు చర్య), సెకండ్ విండ్ (పోయిన ప్రాణబలాన్ని కొంత తిరిగి పొందడం) షార్ట్ రెస్ట్‌తో తిరిగివస్తాయి, ఖడ్గం దెబ్బకు లెక్కే లేదు. విజార్డ్ స్పెల్ స్లాట్లు (మంత్రాలు వేయడానికి లెక్కగా ఉన్న అవకాశాలు) దాదాపు అన్నీ లాంగ్ రెస్ట్‌తోనే, అంటే పెద్ద విశ్రాంతితోనే తిరిగివస్తాయి. రోజంతా ఒకే పోరాటం ఉంటే, రోజంతటికీ సరిపోవలసిన సొమ్మును విజార్డ్ ఒక్క అంగడిలోనే ఖర్చు పెట్టగలుగుతాడు. ఫైటర్ మాత్రం ఎప్పటిలాగే దినకూలీ.

ఒక చిన్న లెక్క చూడండి. 5వ లెవెల్‌ను తీసుకుంటున్నాను, ఎందుకంటే ఫైటర్‌కు రెండో దెబ్బ, విజార్డ్‌కు ఫైర్‌బాల్ అనే అగ్నిగోళ మంత్రం రెండూ ఆ లెవెల్‌లోనే వస్తాయి. గ్రేట్‌స్వోర్డ్ పట్టిన ఫైటర్ ఒక దెబ్బకు సగటున 11 డ్యామేజ్ చేస్తుంది. నూటికి 65 సార్లు తగులుతుందనుకుంటే రెండు దెబ్బలకు కలిపి ఒక రౌండ్‌లో సుమారు 14. ఫైర్‌బాల్ ఎనిమిది ఆరుముఖాల పాచికలు కాబట్టి సగటున 28. నలుగురు శత్రువులు గుమిగూడి ఉండి, వారిలో ఇద్దరు తప్పించుకుని సగమే భరించినా మొత్తం 84. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ఫైటర్ మీద జాలి కలుగుతుంది. కానీ ఆ విజార్డ్‌కు ఉన్నవి మొదటి లెవెల్ స్లాట్లు 4, రెండో లెవెల్‌వి 3, మూడో లెవెల్‌వి 2, అంటే 9. ఆర్కేన్ రికవరీ అనే శక్తితో రోజుకు ఒకసారి మూడో లెవెల్ స్లాట్ ఒకటి వెనక్కి వస్తుంది. మొత్తం 10 మంత్రాలు, వాటిలో ఫైర్‌బాల్‌లు మూడే. ఒక్కొక్కటి నాలుగు రౌండ్లు సాగే పోరాటాలు ఆరు జరిగితే 24 రౌండ్లు. మంత్రాలన్నీ పోరాటానికే వాడినా, 14 రౌండ్లు అతను స్లాట్ ఖర్చు లేని చిన్న మంత్రమైన ఫైర్ బోల్ట్ విసురుతూ గడపాలి. దాని సగటు 11, తగిలే అవకాశాన్ని కలుపుకుంటే 7.

డ్యామేజ్ మొత్తంలో అప్పటికీ విజార్డ్ వెనకబడకపోవచ్చు, ఆ విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. మారేది వేరొకటి. పొడవైన రోజులో ప్రతి స్లాట్‌కూ ధర ఏర్పడుతుంది. నాక్ వేస్తే రెండో లెవెల్ స్లాట్ ఒకటి పోతుంది, పైగా ఐదవ ఎడిషన్‌లో ఆ మంత్రం చేసే చప్పుడు 300 అడుగుల దూరం వరకు వినిపిస్తుంది. కోటలో ఇంకా నాలుగు గదులు మిగిలి ఉన్నాయని తెలిసిన విజార్డ్ తనంతట తానే రోగ్ వైపు తిరిగి, ముందు నువ్వు ప్రయత్నించు అంటాడు. రోగ్ ప్రయత్నం ఉచితం, నిశ్శబ్దం. ఆ రెండు గుణాలకూ విలువ లేనిది ఖర్చుకు లెక్క లేని రోజున మాత్రమే.

మీ కథలో రోజుకు ఆరు పోరాటాలు పట్టకపోతే, అదే గైడ్‌లో ఇచ్చిన ప్రత్యామ్నాయ నియమాన్ని పరిశీలించండి: షార్ట్ రెస్ట్ అంటే 8 గంటలు, లాంగ్ రెస్ట్ అంటే 7 రోజులు. అప్పుడు ఒక వారం ప్రయాణమే ఒక సాహస దినం అవుతుంది. బృందం ఆగి పడుకుంటే శత్రువు కూడా ఆగి ఎదురుచూడడని ఆటగాళ్లకు తెలియడం దీనికి తప్పనిసరి. కాలం కదలకపోతే ఏ విశ్రాంతి నియమమూ పనిచేయదు.

పాత పటం

ఇసుక గడియారం గారి లెక్క సరైనదే. అయితే ఈ తూకం ఎప్పుడు, ఎలా ఒరిగిందో చూస్తే కొండదారి గారికి మరో దారి కూడా కనిపిస్తుందనిపించి రాస్తున్నాను.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ఆట వెలువడినప్పుడు ఉన్న క్లాసులు మూడే: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. థీఫ్ మరుసటి ఏడాది అనుబంధ పుస్తకంతో వచ్చింది. ఆ తరం ఆటలో సమతూకం అంటే ఒకే క్షణంలో అందరూ సమానంగా ఉండటం కాదు. మ్యాజిక్ యూజర్ మొదటి లెవెల్‌లో ఒకే ఒక్క మంత్రంతో, ఒక్క దెబ్బకు పోయే ప్రాణంతో బయలుదేరేవాడు. ఆ బలహీనతే తరువాతి బలానికి ముందుగా చెల్లించిన మూల్యమని అనుకునేవారు. ఈ ఏర్పాటులోని లోపం, ఆ రెండు కాలాలనూ ఒకే ఆటగాడు చూస్తాడన్న హామీ లేకపోవడం. మూడో లెవెల్‌లో ఆట ఆగిపోతే ఒకరికి అన్యాయం, పన్నెండో లెవెల్ నుంచి మొదలైతే ఇంకొకరికి అన్యాయం.

క్లాసును బట్టి వేర్వేరు అనుభవ పట్టికలు (ఏ లెవెల్‌కు ఎన్ని పాయింట్లు కావాలో చెప్పేవి) ఉండేవని, విజార్డ్ నెమ్మదిగా ఎదిగేవాడు కాబట్టి తూకం సరిపోయేదని చాలామంది చెబుతారు. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండవ ఎడిషన్ పట్టికలను తీసి పక్కపక్కన పెట్టి చూస్తే విషయం వేరుగా ఉంది. రెండో లెవెల్‌కు రోగ్‌కు 1,250, ఫైటర్‌కు 2,000, విజార్డ్‌కు 2,500 పాయింట్లు కావాలి. అంతవరకు ఆ మాట నిజమే. కానీ ఏడో లెవెల్‌కు ఫైటర్‌కు 64,000 కావలసి ఉండగా విజార్డ్‌కు 60,000 చాలు. ఫైటర్ 2,50,000 పాయింట్లతో తొమ్మిదో లెవెల్‌కు చేరుకునే వేళకు విజార్డ్ అవే పాయింట్లతో పదో లెవెల్‌లో ఉంటాడు. విజార్డ్‌కు బలం పెరిగే దశలోనే వేగం కూడా పెరిగిందన్నమాట. కాబట్టి అప్పటి తూకాన్ని నిలబెట్టినది పట్టిక కాదు.

నిలబెట్టినవి మరికొన్ని. మంత్రం చదువుతుండగా దెబ్బ తగిలితే ఆ మంత్రం చెడిపోయేది. శత్రువు మంత్రాన్ని తట్టుకునే సంఖ్య ఆ శత్రువు బలాన్ని బట్టి ఉండేది, మంత్రగాడి తెలివితేటలు ఎంత పెరిగినా సాధారణంగా అది మారేది కాదు, అందువల్ల పెద్ద శత్రువుల మీద మంత్రాలు తరచుగా విఫలమయ్యేవి. అన్నిటికంటే నాకు ముఖ్యంగా కనిపించేది ఇది: తొమ్మిదో లెవెల్‌లో కోట కట్టుకున్న ఫైటర్ దగ్గరకు సైనికులు అనుచరులుగా వచ్చేవారు. విజార్డ్ ఆకాశాన్ని శాసించడం మొదలుపెట్టే కాలానికి ఫైటర్‌కు నేల మీద ఒక కోట, దాని చుట్టూ ఒక సేన, ఆ సేన మాట వినే ఒక ప్రాంతం ఉండేవి. అంటే ఫైటర్ ఎదుగుదల ఖడ్గంలోనే ఆగిపోయేది కాదు.

2000లో మూడవ ఎడిషన్ వచ్చినప్పుడు ఈ కళ్లేలు ఒక్కొక్కటిగా ఊడిపోయాయి. అందరికీ ఒకే అనుభవ పట్టిక. మంత్రాన్ని తట్టుకోవడానికి కావలసిన సంఖ్య మంత్రగాడి సామర్థ్యంతో పాటు పెరుగుతుంది. నైపుణ్యం బాగా పెంచుకుంటే శత్రువు పక్కనే నిలబడి కూడా నిర్భయంగా మంత్రం చదవవచ్చు. అనుచరుల సేన ఫైటర్ హక్కుగా కాక, ఎవరైనా ఎంచుకోగల ఒక ఫీట్‌గా, అంటే అదనపు ప్రత్యేకతగా మారింది. ప్రతి మార్పుకూ విడిగా చూస్తే మంచి కారణమే ఉంది, ఆట సులువైంది కూడా. అన్నీ కలిసినప్పుడు మాత్రం క్లెరిక్, డ్రూయిడ్ (ప్రకృతి శక్తితో మంత్రాలు వేసే క్లాసు) పాత్రలు ఫైటర్ పనిని ఫైటర్ కంటే బాగా చేస్తూ, దానిపైన మంత్రాలు కూడా వేసే పరిస్థితి వచ్చింది.

ఐదవ ఎడిషన్‌లో కాన్సన్‌ట్రేషన్ నియమం (కొన్ని మంత్రాలు నిలవాలంటే వాటి మీద ఏకాగ్రత ఉంచాలి) ఆ పాత కళ్లేలలో ఒకదాన్ని తిరిగి తెచ్చింది. ఫ్లై, హిప్నాటిక్ ప్యాటర్న్ రెండూ కాన్సన్‌ట్రేషన్ మంత్రాలే, ఒకేసారి ఒకటే నిలుస్తుంది, దెబ్బ తగిలితే అదీ చెదిరే ప్రమాదం ఉంది. తిరిగి రానిది ఆ సేన. కొండదారి గారు ఖడ్గానికి బదులు ఫైటర్‌కు ఒక దండును ఇచ్చి చూడాలని నా సలహా.

ముందు వరుస

నేను గేమ్ మాస్టర్‌ను కాను. ఎనిమిదేళ్లుగా ఎక్కువగా ఫైటర్, బార్బేరియన్ పాత్రలే ఆడుతున్నాను, కాబట్టి ఆ పాచికను వెనక్కి పెట్టిన మనిషి వైపు నుంచి మాట్లాడతాను.

ఇసుక గడియారం గారు చెప్పిన పొడవైన రోజు నిజంగా పనిచేస్తుంది, నేను ఆడిన ఒక బల్ల దగ్గర చూశాను కూడా. అయినా అది సగం మందే. పోరాటాలు ఆరయితే నాకు దొరికేవి ఆరు పోరాటాలు, కథలో మాట కాదు. విజార్డ్ అలసిపోయాడు కాబట్టి నాకు వంతు వచ్చిందన్న భావన కొంతకాలానికి చేదుగా మారుతుంది. మిగిలిపోయిన అన్నం వడ్డించినట్లు ఉంటుంది.

అసలు తేడా నిబంధనల భాషలోనే ఉంది. ఫ్లై మంత్రం ఏం చేస్తుందో పుస్తకంలో రాసి ఉంది: 60 అడుగుల వేగం, 10 నిమిషాల వరకు. విజార్డ్ ఆటగాడు ఆ మాట చదివితే చాలు, అది జరిగిపోతుంది. ఎవరినీ అడగనవసరం లేదు, పాచిక వేయనవసరం లేదు. ఫైటర్ లోయలోకి దిగి అవతలి గోడ ఎక్కాలంటే మొదట అది సాధ్యమేనా అని గేమ్ మాస్టర్‌ను అడగాలి, అవునంటే పాచిక వేయాలి, కొందరు గేమ్ మాస్టర్లయితే దిగడానికి ఒకసారి, ఎక్కడానికి ఒకసారి, తాడు బిగించడానికి ఒకసారి వేయమంటారు. 7వ లెవెల్‌లో బలం 20 ఉన్న ఫైటర్‌కు అథ్లెటిక్స్‌లో పాచిక మీద పడిన అంకెకు మొత్తం 8 కలుస్తుంది. కష్టం 15 అయితే, అంటే అంతా కలిపి 15 రావలసి ఉంటే, ఒక్క ప్రయత్నంలో విఫలమయ్యే అవకాశం నూటికి 30. మూడుసార్లూ వరుసగా గెలిచే అవకాశం నూటికి 34 మాత్రమే. రాజ్యంలో పేరున్న వీరురాలు తన సొంత విద్యలో మూడింట రెండుసార్లు ఓడిపోతోంది, విజార్డ్ ఎన్నడూ ఓడిపోని ఎగురుడుతో పోటీపడి. ఇది పుస్తకం చేసిన అన్యాయం కాదు, మనం బల్ల దగ్గర మనకు తెలియకుండా చేస్తున్నది.

కొండదారి గారూ, మీరు చేయగలిగిన మొదటి పని డబ్బు ఖర్చు లేనిది, ఏ పుస్తకమూ అక్కర్లేనిది. ఫైటర్‌కు సహజమైన పనికి పాచిక అడగకండి. దిగుతానంటే దిగింది. వర్షం పడుతోందా, పైనుంచి బాణాలు వస్తున్నాయా, అప్పుడు ఒక్కసారి వేయించండి. ఓడినా పడిపోవడం కాక, ఆలస్యమో, చప్పుడో, చేజారిన డాలో పర్యవసానంగా పెట్టండి.

రెండోది, మీ ఫైటర్ ఏ ఉపవర్గమో (క్లాసులోని ఏ శాఖో) రాయలేదు. ఛాంపియన్ అయితే ఆమెకు ఎంపికలు చాలా తక్కువ, దెబ్బ కొట్టడమే ఆమె వంతు. బ్యాటిల్ మాస్టర్ అనే ఉపవర్గానికి మార్చుకుంటుందేమో ఆమెనే అడగండి. శత్రువును పడగొట్టడం, ఆయుధం జారవిడిపించడం, ఒక తోటివాడిని వంతు కాకుండానే కదిలించడం వంటివి షార్ట్ రెస్ట్‌తో తిరిగివచ్చే పాచికల మీద నడుస్తాయి. 2024లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఇంకొక చక్కని మార్పు ఉంది: ఫైటర్ రెండో లెవెల్ నుంచే, విఫలమైన ఎబిలిటీ చెక్‌కు (ఒక పని చేయగలదా అని పాచికతో పరీక్షించడం) సెకండ్ విండ్‌లో ఒక వాడకాన్ని వెచ్చించి పదిముఖాల పాచికను కలుపుకోవచ్చు, అప్పటికీ విఫలమైతే ఆ వాడకం ఖర్చు కాదు. మీరు పాత నిబంధనలతో ఆడుతున్నా ఈ ఒక్కటి తెచ్చిపెట్టుకోవచ్చు. పాత పుస్తకంలో సెకండ్ విండ్ రెస్ట్‌కు ఒక్కసారే కాబట్టి వాడకాలను రెండుకు పెంచండి. పోరాటం బయట ఫైటర్‌కు పుస్తకమే ఇచ్చిన మాట అది, ఎవరి దయా కాదు.

నాలుగు స్తంభాలు

ఈ చర్చలో నాలుగవ ఎడిషన్ పేరు ఇంతవరకు రాకపోవడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే కొండదారి గారి సమస్యకు అత్యంత సూటిగా సమాధానం చెప్పినది అదే.

2008లో వచ్చిన ఆ ఎడిషన్ అన్ని క్లాసులకూ ఒకే చట్రాన్ని ఇచ్చింది. ఎప్పుడైనా వాడగలవి, పోరాటానికి ఒకసారి వాడగలవి, రోజుకు ఒకసారి వాడగలవి అన్న మూడు రకాల శక్తులు ఫైటర్‌కూ విజార్డ్‌కూ ఒకే తీరులో ఉండేవి. అందువల్ల రోజుకు ఎన్ని పోరాటాలు జరిగినా ఒకరి మీద ఒకరికి పైచేయి వచ్చేది కాదు. ఫైటర్ డిఫెండర్, అంటే తోటివారికి రక్షకుడి పాత్ర పోషించేవాడు. అతను గుర్తుపెట్టిన శత్రువు ఇంకొకరి మీద దాడి చేస్తే ఆ దాడికి రెండు తగ్గేవి, పక్కనే ఉంటే ఫైటర్ దెబ్బ కూడా తినవలసి వచ్చేది. ముందు వరుసలో నిలబడటం అన్న మాటకు నిబంధనల్లో అర్థం దొరికినది అప్పుడే. నాక్ మంత్రాన్ని పది నిమిషాలు పట్టే, ఖర్చుతో కూడిన క్రతువుగా మార్చారు. తలుపు ముందు రోగ్ నిలబడి ఉండగా ఎవరూ ఆ పది నిమిషాలు కూర్చోరు. ఇసుక గడియారం గారు చెప్పిన ధర అన్నది మంత్రంలోనే ఇమిడిపోయింది.

దానికి ఎదురైన విమర్శ మీకు తెలిసే ఉంటుంది: క్లాసులన్నీ ఒకేలా అనిపిస్తున్నాయని. ఆ విమర్శను నేను తేలిగ్గా తీసుకోను. కాగితం మీద అన్ని పాత్రలూ ఒకే ఆకారంలో కనిపించినప్పుడు, విజార్డ్‌ను ఎంచుకున్న మనిషికి తాను ఎంచుకున్నది వేరే జీవితమన్న భావన తగ్గుతుంది. 2010లో వచ్చిన ఎసెన్షియల్స్ పుస్తకాలు ఫైటర్ నుంచి రోజువారీ శక్తులను తీసి ఆ చట్రాన్ని కొంత సడలించాయి కూడా. సమతూకం కోసం తేడాను అరగదీస్తే ఆటగాళ్లు సహించరన్నది ఆ అనుభవం నాకు నేర్పిన విషయం.

మరొక దారి 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఆట రెండవ ఎడిషన్ పట్టింది. అక్కడ ఫైటర్ మొదటి లెవెల్‌లోనే ఆయుధ విద్యలో ఎక్స్‌పర్ట్, చాలా క్లాసులు అప్పటికి ఒక మెట్టు కింద, ట్రెయిన్డ్ మాత్రమే. పాచికకు కలిసే సంఖ్యలో తేడా 2 మాత్రమే. కానీ ఆ ఆటలో కావలసిన సంఖ్య కంటే 10 లేదా అంతకు మించి ఎక్కువ వస్తే క్రిటికల్ (రెట్టింపు దెబ్బ) కాబట్టి, ఆ రెండూ తగిలే అవకాశాన్నీ క్రిటికల్ అవకాశాన్నీ కలిపి పెంచుతాయి. ఒక్క మంత్రంతో శత్రువును పూర్తిగా ఆపేసే వాటికి ఇన్‌కపాసిటేషన్ అన్న ముద్ర ఉంటుంది, మంత్రం ర్యాంకుకు రెట్టింపు కంటే పై లెవెల్‌లో ఉన్న శత్రువు మీద దాని ఫలితం ఒక మెట్టు తగ్గుతుంది. హిప్నాటిక్ ప్యాటర్న్ లాంటి దానితో పెద్ద పోరాటం మొదటి రౌండ్‌లోనే ముగిసిపోకుండా ఆ నియమం కాపాడుతుంది.

1987లో వచ్చిన ఆర్స్ మాజికా అనే ఆట అయితే సమానత్వమే వద్దంది. అందులో మాంత్రికులు మిగిలిన అందరికంటే బలవంతులు, ఆ విషయాన్ని ఆట దాచదు. ప్రతి ఆటగాడికీ ఒక మాంత్రికుడు, ఒక సహచర పాత్ర ఉంటాయి, సామాన్య భటుల పాత్రలను అందరూ పంచుకుంటారు, ఏ కథలో ఎవరు ఏది ఆడతారన్నది మారుతూ ఉంటుంది. పాత్రల మధ్య తూకం లేకపోయినా ఆటగాళ్ల మధ్య ఉంటుంది. ఏడాదిన్నర నడిచిన కథలో ఇది పెట్టడం కష్టమే, తెలిసి ఉండటం మంచిదని రాశాను.

కొండదారి

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ముందు వరుస గారు రాసిన మూడు పాచికల లెక్క చదివి నేను కాసేపు ఆగిపోయాను. గత ఏడాదిలో నేను ఆమెను ఎన్నిసార్లు అలా వరుసగా వేయించానో గుర్తొచ్చింది. తప్పు నాదేనని ఆమెకు చెప్పాను. ఆమె ఉపవర్గం ఛాంపియనే. బ్యాటిల్ మాస్టర్‌కు మార్చుకుంటావా అని అడిగితే అదే రోజు రాత్రి కొత్త కాగితం నింపి పంపింది.

ఒక సందేహం మాత్రం ఉంది. దండును ఇస్తే పోరాటంలో ఇరవై మంది భటుల వంతులను నడపడానికి గంటలు పట్టదా? ఆ సమయమంతా మిగిలినవారు చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తుందేమో.

పాత పటం

ఆ దండును పోరాటంలోకి తేకండి. పాచికలు వేయించడం కోసం నేను దాన్ని సూచించలేదు. వాళ్లు కాపలా కాస్తారు, వార్తలు తెస్తారు, దారిని పట్టి ఉంచుతారు, ఖైదీలను చూసుకుంటారు. ఎక్కడ ఎవరిని నిలపాలన్నది ఫైటర్ నిర్ణయిస్తుంది, ఆ నిర్ణయం ఫలితాన్ని మీరు కథలో చూపిస్తారు. పన్నెండు మంది చాలు. వారిలో ఇద్దరు ముగ్గురికి పేర్లు, ఒక్కొక్కరికి ఒక స్వభావం ఉంటే సరిపోతుంది. ఆజ్ఞ ఆమె నోటి నుంచే వెలువడాలన్నది మాత్రం గట్టిగా పాటించండి. విజార్డ్ సలహా ఇవ్వవచ్చు, భటులు ఆమె వైపే చూస్తారు.

కొండదారి

మూడు వారాల తరువాత రాస్తున్నాను. ఈ మధ్యలో రెండు సెషన్లు జరిగాయి.

లాంగ్ రెస్ట్‌ను ఏడు రోజులకు మార్చడానికి క్లెరిక్ ఆటగాడు ఒప్పుకోలేదు, కాబట్టి దాన్ని వదిలేశాం. దానికి బదులు కాలాన్ని కదిలించాను. కోట నుంచి పారిపోయిన సేనాపతి రెండు రోజుల్లో సరిహద్దు దాటుతాడని అందరికీ ముందే తెలిపాను. మొదటి రోజున నాలుగు పోరాటాలు, రెండు షార్ట్ రెస్ట్‌లు అయ్యాయి. మూడో పోరాటం తరువాత విజార్డ్ ఆటగాడు తనకు మిగిలిన స్లాట్లను వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం మొదటిసారి చూశాను. అతనికి అది నచ్చింది కూడా. ఏ మంత్రం ఎప్పుడన్న ఆలోచన ఇన్నాళ్లకు తనకు అవసరమైందని తనే అన్నాడు.

ఫైటర్‌కు కోటలో లొంగిపోయిన కాపలావాళ్లలో పన్నెండు మందిని ఇచ్చాను. వారిలో నలుగురిని ఆమె నది రేవు దగ్గర నిలిపింది. ఎందుకని నేను అడగలేదు. రెండో రోజు ఉదయం సేనాపతి పడవ కోసం అదే రేవుకు వచ్చినప్పుడు ఆ నలుగురూ దాన్ని అప్పటికే గట్టు మీదికి లాగేసి ఉన్నారు.

ఆ తరువాత అతను పైనున్న కొండ చరియ మీదుగా తప్పించుకోబోయాడు. బృందం కింద ఉంది. ఫైటర్ పాత్రధారిణి అలవాటుగా పాచిక అందుకుని నా వైపు చూసింది. అక్కర్లేదు, నువ్వు ఎక్కేస్తున్నావు, పైన అతన్ని చేరేసరికి ఊపిరి ఎంత మిగులుతుందో దానికి మాత్రమే వెయ్యి అన్నాను. విజార్డ్ దగ్గర మూడో లెవెల్ స్లాట్ ఒకటి మిగిలే ఉంది, ఫ్లై వేయగలడు. అతను ఒక క్షణం తన కాగితం చూసుకుని, ఆమెను అడిగాడు: "నీ తాడు ఎంత పొడవుంటుంది?"

రోగ్ ఆటగాడి విషయం ఇంకా తేలలేదు. తాళాలు అతనికి తిరిగి వచ్చాయి గానీ, క్లెరిక్ వేసే స్పిరిట్ గార్డియన్స్ మంత్రం పక్కన పోరాటంలో అతని వంతు వెలవెలబోతోంది. వచ్చే సెషన్ చూసి దానికి విడిగా ప్రశ్న పెడతాను.